చాలు అనడం వెనకబాటు కాదు

(సంఘం వార్షికోత్సవ సభలో ఆదివాసీ యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



 మీలో చాలామంది మా హాస్టళ్ళలో చదివి వెళ్ళినవాళ్ళే. కాబట్టి ఈ పూట కూడా కొంచెం లెక్కలు, కొంచెం సాంఘికశాస్త్రం తప్పవు. చివర పరీక్ష మాత్రం పెట్టం.

అభివృద్ధి గురించి మాట్లాడమని సంఘం పెద్దలు అడిగారు. ఈ మాట మనందరికీ చిన్నప్పటి నుంచి చెవిలో పడుతూనే ఉంది. మనది వెనకబడిన ప్రాంతం అన్నారు. మనం వెనకబడిన జనం అన్నారు. మేము ఉపాధ్యాయ శిక్షణలో చదివిన పుస్తకాల్లోనూ అదే ఉంది, మీరు స్కాలర్‌షిప్పు కోసం నింపిన కాగితాల్లోనూ అదే ఉంది. వెనకబడ్డాం అంటే ముందు ఎవరో నడుస్తున్నారని అర్థం కదా. మరి ఆ ముందు నడిచేవాళ్ళు ఎటు పోతున్నారు? ఆ దారి చివర ఏముంది? ఈ ప్రశ్న మనల్ని ఎవరూ అడగనివ్వలేదు. ఇప్పుడు ఆ ముందు నడిచే దేశాల్లోనే కొందరు చదువుకున్నవాళ్ళు ఆగి, వెనక్కి తిరిగి, "మనం ఎక్కువ దూరం వచ్చేశాం, తగ్గుదాం" అంటున్నారు. ఆ ఆలోచనకు డీగ్రోత్ అని పేరు. ఈ పూటకి మనం దాన్ని 'తగ్గుబాట' అనుకుందాం.

ఈ మాట నిన్న మొన్నటిది కాదు. 1972లో ఫ్రాన్సులో ఆండ్రే గోర్జ్ అనే రచయిత ఈ మాటతోనే ఒక ప్రశ్న వేశాడు. ఉత్పత్తి పెరగకపోవడమే కాదు, తగ్గడం కూడా భూమికి అవసరమైతే, పెట్టుబడిదారీ వ్యవస్థ దాన్ని తట్టుకోగలదా అన్నది ఆ ప్రశ్న. అదే సంవత్సరం 'లిమిట్స్ టు గ్రోత్' అనే నివేదిక వచ్చింది. భూమికి హద్దులున్నాయి, వాడకం ఇలాగే పెరుగుతూ పోతే ఆ హద్దులు తగులుతాయని డొనెల్లా మెడోస్, ఆమె తోటివాళ్ళు లెక్కగట్టి చెప్పారు. 2008లో పారిస్‌లో ఈ ఆలోచన మీద మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశంలో ఇంకా ముందే, 1945లో, గాంధీజీతో కలిసి పనిచేసిన జె.సి.కుమారప్ప 'ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్' అనే పుస్తకం రాశారు. తరిగిపోయేదాన్ని నమ్ముకుని బతకడం వేరు, మళ్ళీ మళ్ళీ పుట్టేదాన్ని నమ్ముకుని బతకడం వేరు అన్నది ఆయన ఆలోచనకు మూలం. మన తాతలకు ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ చెప్పుకున్నాం, గుర్తుందా? వంద రూపాయలు ఏడాదికి 3 శాతం చొప్పున పెరిగితే 24 ఏళ్ళలో రెండు వందలు అవుతుంది. వందేళ్ళకు పందొమ్మిది వందలు దాటుతుంది. అదే 7 శాతమైతే పదేళ్ళు దాటగానే రెండింతలు, వందేళ్ళకు 86 వేల పైమాట. బ్యాంకు పుస్తకంలో అంకెలు ఇలా పెరిగితే కాగితానికి నొప్పి లేదు. కానీ దేశాల వృద్ధి రేటు అని మనం పేపర్లో చదివేది కూడా ఇదే చక్రవడ్డీ. ఆ అంకె వెనక ఇనుము ఉంది, బొగ్గు ఉంది, ఇసుక ఉంది, నీళ్ళు ఉన్నాయి, కొండ ఉంది. కొండ చక్రవడ్డీ లెక్కన పెరగదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం, 1970లో ప్రపంచమంతా కలిసి భూమి నుంచి తీసుకున్న సరుకు ఏడాదికి సుమారు 3,000 కోట్ల టన్నులు. ఇప్పుడది 10,000 కోట్ల టన్నులు దాటింది. ఈలోగా జనాభా రెండింతలకు కాస్త పైగా పెరిగింది. తవ్వకం, కోత మాత్రం మూడింతలు దాటాయి.

ఈ అంకెను కొలిచే గిన్నె పేరు జీడీపీ. ఒక ఏడాదిలో దేశంలో డబ్బుకు చేతులు మారిన సరుకుల, సేవల విలువ అని చెప్పుకోవచ్చు. ఆ గిన్నెలో మన బతుకు ఎంత పడుతుందో చూడండి. మన ఆడవాళ్ళు అడవికి పోయి అడ్డాకులు తెచ్చి, కుట్టి, ఇంట్లో పండుగకు వడ్డిస్తే డబ్బు చేతులు మారలేదు కాబట్టి ఆ లెక్కలో కనబడదు. అదే విందుకు పట్నం నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు కొనుక్కొస్తే దేశం కొంచెం పెరిగినట్టు. ఊట గెడ్డ నీళ్ళు దోసిట్లో తాగితే సున్నా. గెడ్డ ఎండిపోయి ఇరవై రూపాయల సీసా కొంటే వృద్ధి. అవ్వ మనవడిని పెంచితే సున్నా. నిలబడ్డ చెట్టు సున్నా, పడిపోయిన చెట్టు డబ్బు. ఈ కొలతను తయారుచేసిన వాళ్ళలో ముఖ్యుడు సైమన్ కుజ్నెట్స్. ఆయనే 1934లో అమెరికా కాంగ్రెసుకు ఇచ్చిన నివేదికలో, ఈ అంకెను చూసి జనం సుఖంగా ఉన్నారో లేదో చెప్పలేమని హెచ్చరించాడు. కొలిచినవాడు చెప్పిన జాగ్రత్తను అందరూ మరిచిపోయారు. కొలత మాత్రం మిగిలింది.

మన కొండల మీద పెట్టి ఈ లెక్క చూద్దాం. అనంతగిరి వైపు గాలికొండ, రక్తకొండ, చింతపల్లి వైపు జెర్రెల, ఈ పేర్లన్నీ బాక్సైట్ కాగితాల్లో ఉన్నాయి. ఒక టన్ను అల్యూమినియం కావాలంటే సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాన్ని శుద్ధి చేశాక రెండు టన్నుల పైగా ఎర్రటి క్షారపు బురద మిగులుతుంది, దాన్ని ఎక్కడో ఒకచోట నిలవ పెట్టాలి. లోహంగా మార్చడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. మన దేశంలో సగటు మనిషి ఏడాదికి వాడే కరెంటు, కార్ఖానాల వాటా కూడా కలిపి, సుమారు 1,400 యూనిట్లు. అంటే ఒక్క టన్ను లోహం పది మంది ఏడాది కరెంటు తినేస్తుంది. కొండ నెత్తిన ఉన్న ఆ పొరే వాన నీటిని పట్టి ఉంచి, ఎండాకాలంలో ఊటలుగా వదులుతుంది. గోస్తని పుట్టింది అనంతగిరి కొండల్లోనే. అది బొర్రా గుహల గుండా పారి తాటిపూడి చెరువులో చేరుతుంది, విశాఖ ఆ నీళ్ళు తాగుతుంది. కొండ తవ్వితే జీడీపీ పెరుగుతుంది. ఊట ఎండితే జీడీపీ తగ్గదు. మనకు నీళ్ళు పోయాయన్న సంగతి ఆ పుస్తకంలో ఎక్కడా రాయరు.

"మేడమ్, టెక్నాలజీ పెరుగుతోంది కదా, తక్కువ సరుకుతో ఎక్కువ వస్తువులు చేస్తారు కదా" అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్ళీ వాడితే కొత్త లోహానికి పట్టే శక్తిలో 95 శాతం దాకా మిగులుతుంది. ఇది నిజం, ఇది చేయాలి కూడా. కానీ 1865లోనే ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ ఒక సంగతి గమనించాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం మొదలుపెట్టాక బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. చవక అయ్యేసరికి యంత్రాలు ఎక్కువ చోట్ల పెట్టారు. మన ఇళ్ళల్లోనే చూడండి. డేటా చవక అయ్యాక మనం ఫోను తక్కువ చూస్తున్నామా? పొదుపు ఒక్కటే చాలదు, దానికి పైన ఒక హద్దు కూడా ఉండాలి. తగ్గుబాట చెప్పేది ఆ హద్దు గురించే.

ఇక అసలు ప్రశ్న. తగ్గాలి అంటే ఎవరు తగ్గాలి?

హాస్టళ్ళలో మేము పిల్లల ఎత్తు, బరువు కొలిచి రిజిస్టరులో రాస్తాం. ఒక పాప ఉండాల్సిన బరువు కంటే ఆరు కిలోలు తక్కువ ఉంటే, రక్తం తక్కువ ఉంటే, గుడ్డు, పాలు, వేరుశనగ చిక్కీ, ఐరన్ మాత్ర సరిగా అందేలా చూస్తాం. పట్నం బడిలో ఒక పిల్లవాడు ఉండాల్సిన బరువు కంటే ఇరవై కిలోలు ఎక్కువ ఉంటే డాక్టరు తగ్గమంటాడు. తూకం యంత్రం ఒకటే, సలహాలు రెండు. ఇద్దరికీ "ఇంకా తినండి" అని చెప్పే డాక్టరు దగ్గరికి మీరు వెళ్తారా? ప్రపంచం మాత్రం అందరికీ ఒకే మందు రాస్తోంది: పెరగండి, ఇంకా పెరగండి. బరువు తక్కువ ఉన్న దేశానికీ అదే, ఊబకాయం వచ్చిన దేశానికీ అదే.

పైవాళ్ళ బరువు ఎంతో చూడండి. బాగా ఆదాయం ఉన్న దేశాల్లో ఒక మనిషి వాడే సరుకు, పేద దేశాల మనిషి వాడేదానికి ఆరు రెట్లు. సగటు అమెరికన్ ఏడాదికి వాడే కరెంటు 12,000 యూనిట్ల దాకా ఉంటుంది. గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు అక్కడ మనిషికి 14 టన్నులు, మన దేశంలో 2 టన్నులు. మన దేశంలోనూ అందరూ ఒకటి కాదు. నాలుగు కార్లున్న ఇల్లూ, ఒక బల్బున్న ఇల్లూ కలిపి వేసిన సగటు అది. ప్రపంచంలో పై పది శాతం మందే మొత్తం కాలుష్య వాయువుల్లో దాదాపు సగానికి కారణం. తగ్గుబాట మాట్లాడేవాళ్ళు ముందు తగ్గమనేది వీళ్ళని. సొంత విమానాలు తగ్గాలి, ఆయుధాలు తగ్గాలి, అవసరం లేనిదాన్ని అవసరం అనిపించే ప్రకటనలు తగ్గాలి, రెండేళ్ళకే పాడయ్యేలా చేసే వస్తువులు తగ్గాలి అంటారు. వస్తువు ఆయుష్షును కావాలని తగ్గించడాన్ని ఫ్రాన్సు 2015లో నేరం చేసింది. రైల్లో రెండున్నర గంటల్లో చేరగలిగే కొన్ని దారుల్లో దేశీయ విమానాలను అదే దేశం 2023లో ఆపేసింది. ఇవి చిన్న అడుగులే. అయినా "ఇక చాలు" అని చట్టం చేత చెప్పించవచ్చని ఇవి చూపించాయి.

మరి మన దగ్గర? గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. వాన పడితే కరెంటు పోయే ఊళ్ళు, సిగ్నల్ కోసం కొండెక్కే ఊళ్ళు ఉన్నాయి. ఇక్కడ తగ్గడానికి ఏముంది? మనకు రోడ్డు పెరగాలి, ఆసుపత్రిలో డాక్టర్లు పెరగాలి, బడిలో మన భాష తెలిసిన టీచర్లు పెరగాలి. దీన్ని ఎవరైనా తగ్గుబాట పేరుతో వద్దంటే వాళ్ళని నమ్మకండి. మనల్ని బొమ్మలకొలువులో పెట్టి, ధింసా ఆడించి, ఫోటో తీసుకుని, "మీరు ఇలాగే ఉండండి, ఎంత బాగున్నారో" అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళనీ నమ్మకండి. మన పాత బతుకులో ఆకలి ఉంది, మన్యం జ్వరం ఉంది, పురిట్లో పోయిన తల్లులున్నారు. లేమిని ఎవరూ సంస్కృతి అని పొగడకూడదు.

లేమి వేరు, చాలు అనుకోవడం వేరు. ఉపవాసం వేరు, పస్తు వేరు. పొట్ట రెండింటిలోనూ ఖాళీయే. ఒకటి మనం ఎంచుకున్నది, రెండోది మన మీద పడింది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దేశం ఉత్పత్తి తగ్గింది, కూలీలు వందల మైళ్ళు నడిచి ఇళ్ళకు చేరారు. అది పస్తు. ముందే ఆలోచించి, పని గంటలు పంచుకుని, బడి, ఆసుపత్రి, ఇల్లు, బస్సు అందరికీ అందేలా చూసి, ఆ తర్వాత అనవసరమైన ఉత్పత్తిని తగ్గించడం తగ్గుబాట. ఈ రెండింటినీ కలిపేసి మనల్ని భయపెట్టేవాళ్ళకు ఈ ఒక్క తేడా చెప్పండి.

ఇంకో గట్టి ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మా హాస్టల్లో ఉడికే బియ్యం, పెట్టే గుడ్డు, మీ స్కాలర్‌షిప్పు, మా జీతాలు ప్రభుత్వ ఆదాయం నుంచే వస్తాయి. వృద్ధి ఆగితే ఆ డబ్బు ఎక్కడిది? తగ్గుబాట ఆలోచనాపరులు ఇచ్చే జవాబు, ఉన్న సంపద మీద పన్ను వేసి పంచుకోమని. ఆ లెక్క అన్ని దేశాలకూ ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ డబ్బు ఎంత ఉందన్నదానితో సమానంగా, దాన్ని దేనికి ఖర్చు పెట్టారన్నది కూడా ముఖ్యమని చూపించే దేశాలున్నాయి. మధ్య అమెరికాలో కోస్టారికా అనే చిన్న దేశం ఉంది. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకుంది, బడుల మీద, ఆసుపత్రుల మీద ఖర్చు పెట్టింది. అక్కడి తలసరి ఆదాయం అమెరికాలో నాలుగో వంతు కూడా లేదు. సగటు ఆయుష్షు మాత్రం అమెరికా కంటే ఎక్కువ, ఎనభై ఏళ్ళ దగ్గర ఉంది. నాలుగింతల డబ్బు ఉన్నంత మాత్రాన నాలుగింతల బతుకు రాదు.

అభివృద్ధి ఎవరి కోసం అన్న ప్రశ్న మన మన్యానికి కొత్తది కాదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగిందని మీరు పాఠాల్లో చదివారు. ఆ తిరుగుబాటుకు ముందు ఏం జరిగిందో కూడా చదవండి. అడవిలోకి పోనివ్వలేదు, పోడు కొట్టనివ్వలేదు, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయిస్తూ మన వాళ్ళ చేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టి చేయించారు. అది కూడా రోడ్డే. మనం ఇప్పుడు అడుగుతున్నదీ రోడ్డే. ఆ రోజు రోడ్డు కొండలో ఉన్నది కిందికి తీసుకుపోవడానికి వచ్చింది. మనకు కావలసిన రోడ్డు మీద ముందు అంబులెన్సు నడవాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. చాలు అనే మాటకు మన దగ్గర పండుగలే ఉన్నాయి. మామిడి కొత్త చేయకముందు ఊళ్ళో మామిడికాయ ముట్టకూడదంటారు. చిక్కుడు కొత్త కాకముందు చిక్కుడు తినకూడదంటారు. సీతంపేట వైపు మన సవర బంధువులు కంది కొత్తలు చేసుకుంటారు. గోదావరి వైపు కోయలకూ కొత్త పండుగలున్నాయి. పట్నంలో చదువుకుని వచ్చినవాళ్ళకి ఇది మూఢనమ్మకంలా కనబడుతుంది. ఒక్కసారి పని చేసే తీరు చూడండి. కొత్త అయ్యేదాకా ఆగితే కాయ ముదురుతుంది, గింజ గట్టిపడుతుంది, వచ్చే ఏటికి విత్తనం ఉంటుంది. పది చెట్లున్న ఇంటికీ, చెట్టే లేని ఇంటికీ మొదటి ముద్ద ఒకే రోజు. ఆ రోజు ఎప్పుడో చెప్పేది ఊరు, బేరగాడు కాదు. పోడు భూమిని రెండు మూడు పంటలు తీసి కొన్నేళ్ళు వదిలేయడం కూడా అలాంటిదే. నేలకీ సెలవు ఉండాలన్న జ్ఞానం అది. పొలం పనికి ఇవాళ మీ ఇంటికి మేము, రేపు మా ఇంటికి మీరు అనే సాయం జీడీపీలో పడదు. అప్పు లేకుండా పంట ఇంటికి చేరింది మాత్రం ఆ సాయంతోనే. యూరప్ పండితులు ఇప్పుడు వెతుకుతున్న హద్దు, వంతు, విరామం అనే మూడూ మన ఊళ్ళలో పండుగ పేరుతో, ఆచారం పేరుతో బతికే ఉన్నాయి.

హద్దు గీసే హక్కు ఎవరిది అన్నదే చివరికి అసలు విషయం. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకం గురించి గ్రామసభలనే అడగమని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఉండేది డోంగ్రియా కోంధులు. మన మన్యంలో కువి మాట్లాడే కుటుంబాలకు వాళ్ళు దగ్గరి జనం. పన్నెండు ఊళ్ళలో గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. తర్వాతి ఏడాది కేంద్రం అనుమతి నిరాకరించింది. భూమికి అవతలి వైపు ఈక్వడార్ దేశంలో, 2023 ఆగస్టులో, యాసునీ అడవి కింద ఉన్న చమురును నేలలోనే వదిలేద్దామా అని దేశమంతా ఓటింగు పెట్టారు. ఆదివాసీ యువత ఏళ్ళ తరబడి తిరిగి ప్రచారం చేసింది. దాదాపు 59 శాతం మంది వదిలేద్దామన్నారు. అది డబ్బున్న దేశం కాదు. చమురు అమ్ముకుని బతికే దేశం.

మనకూ ఆయుధాలున్నాయి. అనంతగిరి మండలం బొర్రా ఊళ్ళ నుంచి మొదలైన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. 1970 నాటి 1/70 చట్టం ఉంది. 1996 నాటి పీసా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది, అందులో వ్యక్తికే కాదు, ఊరికి ఊరుగా అడవి మీద హక్కు అడిగే వీలు ఉంది. 2015లో బాక్సైట్ కోసం ఇచ్చిన జీవో 97 మన వాళ్ళ ఆందోళన తర్వాత 2019లో రద్దయింది. చట్టం కత్తి లాంటిది. పట్టుకునే చెయ్యి లేకపోతే తుప్పు పడుతుంది.

ఇక్కడ మనలో మనం ఒక మాట అనుకోవాలి. బయటివాళ్ళ ఆశ గురించే మాట్లాడి మన ఆశ గురించి మాట్లాడకపోతే అది సగం పాఠమే. రిసార్టు కట్టడానికి వచ్చే బయటివాడికి భూమి ఎలా దొరుకుతోంది? బినామీ కాగితం మీద సంతకం మన చేతిదే. కొత్త బండికి కట్టే వాయిదాల కోసం కాఫీ పంట కోయకముందే అడ్వాన్సు తీసుకుంటున్నాం, అప్పుడు ధర చెప్పేది బేరగాడు. పెళ్ళికి డీజే పెట్టకపోతే పరువు పోతుందని పసుపు అమ్మిన డబ్బు ఒక్క రాత్రిలో పోగొడుతున్నాం. కాఫీ మంచి పంటే. చెట్ల నీడలో పెరుగుతుంది, మిరియం పాకించుకోవచ్చు, డబ్బు వస్తుంది. ఆ డబ్బు వస్తోందని సామ, రాగి, కొర్ర మొత్తం వదిలేస్తే, కాఫీ ధర పడిన ఏడాది మన కంచంలో ఏముంటుంది? వంజంగి, లంబసింగి చలికాలంలో చూడండి. మంచు చూడటానికి వచ్చే జనం వెళ్ళాక మిగిలేది సీసాలు, కవర్లు. గుడారాలు వేసి సంపాదించుకుంటున్న మన కుర్రాళ్ళని తప్పు పట్టడం లేదు, ఉపాధి కావాలి. కానీ రోజుకు ఎంతమంది వస్తే చాలు, చెత్త ఎవరు దించాలి, డబ్బులో ఊరి వంతు ఎంత అన్నది ఊరు కూర్చుని తేల్చాలి. మామిడి కొత్తకు రోజు పెట్టగలిగిన ఊరు, పర్యాటకులకు లెక్క పెట్టలేదా?

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ నుంచి కోరేవి ఎక్కువేం కాదు. గ్రామసభ అని దండోరా వేస్తే వెళ్ళండి. ముసలివాళ్ళు వేలిముద్ర వేసే కాగితాన్ని ముందు మీరు చదివి, వాళ్ళ భాషలో గట్టిగా వినిపించండి. ఏ ప్రాజెక్టు వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి: ఇందులో మన ఊళ్ళో ఏది పెరుగుతుంది, ఏది తరుగుతుంది, ఆ సరుకు ఎవరి వాడకానికి పోతుంది, మనం వద్దంటే ఏం జరుగుతుంది? నాలుగో ప్రశ్నకు జవాబు లేకపోతే వాళ్ళు మనల్ని అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చారని అర్థం.

ఇంట్లో ఎంత కాఫీ ఉన్నా ఒక ముక్క నేలలో సామో, రాగో వేయండి. విత్తనం చేతిలో ఉన్నవాడు బేరం దగ్గర భయపడడు. చదువుకోండి, బాగా చదువుకోండి. నర్సులు కండి, లైన్‌మన్లు కండి, టీచర్లు కండి, మోటార్లు, ఫోన్లు, సోలార్ పంపులు బాగుచేసేవాళ్ళు కండి. మన దగ్గర పెరగాల్సింది ఇలాంటి పనులే. పారేసి కొత్తది కొనే లోకంలో బాగుచేసే చెయ్యికి రేపు విలువ పెరుగుతుంది. మీ ఊళ్ళో ఏ కొత్త ఎప్పుడు చేస్తారు, ఏ అడవిలో ఏది ఎప్పుడు కోయకూడదు, ఎందుకు కోయకూడదు అని అవ్వల్ని, తాతల్ని అడిగి రాసి పెట్టండి. ఫోనులో రికార్డు చేయండి. అటవీ హక్కుల కింద ఊరి అడవి కోసం దరఖాస్తు పెట్టినప్పుడు పెద్దల నోటిమాటను వాంగ్మూలంగా రాసుకుంటే అది కూడా సాక్ష్యంగా నిలుస్తుంది.

బగతలమైనా, కొండదొరలమైనా, కోదులమైనా, గదబలమైనా, పోర్జలమైనా, కోయలమైనా, మనల్ని ఇన్నాళ్ళూ "ఇంకా రాలేదు, ఇంకా ఎదగలేదు" అన్నారు. ఆ మాటకు తల వంచుకోవద్దు. లేనిది అడిగి తెచ్చుకుందాం, అది మన హక్కు. ఉన్నదానికి హద్దు మనమే గీసుకుందాం, అదీ మన హక్కే. ఈ సారి మీ ఊళ్ళో కొత్త చేసే రోజున, మొదటి ముద్ద తినేముందు, పక్కన కూర్చున్న చిన్నపిల్లలకు ఇన్నాళ్ళూ ఎందుకు ఆగామో చెప్పండి.

జోహార్.